ఏడు బొమ్మల కచేరీ కోసం తిరుపతి బజారుకు

తిరుపతికి వెళ్తున్నానంటే ఆఫీసులో అందరూ లడ్డూలు తెమ్మంటారు. తిరుచానూరులో కార్తీక బ్రహ్మోత్సవాలు జరుగుతున్న ఆ వారం మాత్రం నా ఫోన్‌లో లడ్డూల లెక్కతో పాటు ఇంకో లిస్టు కూడా ఉంది. బొమ్మ డ్రమ్ము ఒకటి. బొమ్మ బూర ఒకటి. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే కరకరమని అరిచే గిలక ఒకటి. కోయిల ఈల, కౌజుపిట్ట ఈల, నీళ్ళు పోసి ఊదే పిట్ట ఈల ఒక్కొక్కటి. చివరగా ఇనుప కడ్డీని మూడు మూలలుగా వంచి చేసే ట్రయాంగిల్. మొత్తం ఏడు. బెంగళూరులో బస్సెక్కి ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు దాటేలోగా ఆ లిస్టు నాకు కంఠతా వచ్చేసింది.

లిస్టు మా అక్క కూతురిది. దానికి ఎనిమిదేళ్ళు. బెంగళూరులో వాళ్ళ స్కూల్లో డిసెంబరు చివర్లో పిల్లల కచేరీ ఉంది. వయొలిన్ వచ్చిన పిల్లలు వయొలిన్ వాయిస్తారు. రానివాళ్ళకు తలా ఒక బొమ్మ వాద్యం. మా పిల్లకు దక్కింది గిలక. ఇంటికొచ్చి పుస్తకాల సంచి సోఫా మీదికి విసిరేసి, "నాకు గిలక్కాయ ఇచ్చినారు మామా. నేనేమైనా పాపాయినా?" అంది. కళ్ళ నిండా నీళ్ళు. వయొలిన్ పిల్లలు కొందరు 'బేబీ, బేబీ' అని ఏడిపించారట. ఇక వెళ్ళనంటే వెళ్ళనంది.

బొమ్మలు తల్లిదండ్రులే తెచ్చుకోవాలని స్కూలు వాళ్ళు కాగితం పంపారు. ఆన్‌లైన్లో విదేశీ సెట్టు ధర చూసి మా బావ ల్యాప్‌టాప్ మూసేశాడు. చిత్తూరు నుంచి మా అమ్మ ఫోన్లో, "బొమ్మలకు తిరపతిని మించిన ఊరు యాడుందిరా? పొయ్యి తీసుకోని రా" అంది. అలా ఈ పని నా మీద పడింది.

కొండ కింద బొమ్మల ఊరు

పిల్లలు వాయించబోయే ఆ సంగీతం పేరు 'టాయ్ సింఫనీ'. బొమ్మల సింఫనీ అనుకోండి. పాశ్చాత్య దేశాల్లో క్రిస్మస్ రోజుల్లో పిల్లలూ పెద్దలూ కలిసి సరదాగా వాయించుకునే రచన ఇది. రెండు వయొలిన్లు, ఒక మంద్రస్థాయి తీగవాద్యం అసలు పాటను నడిపిస్తాయి. మధ్యమధ్యలో బొమ్మలు వచ్చి పలకరించి పోతాయి. ఉన్నవి మూడే భాగాలు. అన్నీ కలిపి పది నిమిషాల లోపే. చివరి భాగాన్ని మాత్రం మూడుసార్లు వాయిస్తారు, ప్రతిసారీ ముందటికన్నా వేగంగా. మూడోసారికి వినేవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టాల్సిందే.

ఇది రాసిందెవరన్నది పెద్ద కథ. చాలాకాలం జోసెఫ్ హైడెన్ రాశాడనుకున్నారు. బెర్చ్‌టెస్‌గాడెన్ అనే ఊరి సంతలో ఆయన బొమ్మ వాద్యాలు కొనుక్కొచ్చి తన బృందం చేత వాయింపించాడని ఒక ముచ్చట కూడా ప్రచారంలో ఉంది. దానికి ఆధారం లేదు. 1951లో ఒక జర్మన్ పరిశోధకుడు, ఇది మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ రచన అన్నాడు. 1992లో ఆస్ట్రియాలోని స్టామ్స్ మఠంలో ఒక రాతప్రతి దొరికింది. దాని మీద ఎడ్మండ్ ఆంగెరర్ అనే క్రైస్తవ సన్యాసి పేరుంది. 1740లో పుట్టి 1794లో చనిపోయిన ఆయన 1770 ప్రాంతంలో దీన్ని రాశాడంటారు. అప్పటి నుంచి ఆయన పేరే ఎక్కువగా వినిపిస్తోంది. ఆ ప్రతిలో ఈ రచనకున్న పేరు మాత్రం నాకు భలే నచ్చింది. 'బెర్చ్‌టెస్‌గాడెన్ సంగీతం' అని అర్థం వచ్చేలా ఊరి పేరే పెట్టారు. రాసినాయన ఎవరైనా కానీ, ఆ బొమ్మలు ఏ ఊరివో మాత్రం అందరికీ తెలుసన్నమాట.

ఆ ఊరు జర్మనీ, ఆస్ట్రియా సరిహద్దులో ఆల్ప్స్ కొండల మధ్య ఉంది. మొజార్ట్‌లు ఉండిన సాల్జ్‌బర్గ్‌కు పాతిక కిలోమీటర్ల దూరం. 1803 దాకా అక్కడ పాలన మఠాధిపతులది. ఉప్పు గనులకు, కొయ్యబొమ్మలకు ఆ ఊరు పేరు మోసింది. కొయ్య ఈలలు, బుల్లి డ్రమ్ములు, కోయిల కూత కూసే పెట్టెలు అక్కడ చెక్కి దూరదేశాలకు అమ్మేవారు. చుట్టూ కొండలు, గుడి చేతిలో ఊరు, వచ్చీపోయే జనం, చెక్కతో బొమ్మ చేసే చేతులు. ఇది చదివినప్పుడు నాకు తిరుపతి గాంధీ రోడ్డు గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

"అదే వాయించుకుంటాది సామీ"

బస్సు దిగి నేరుగా నాలుగుకాళ్ళ మండపం దగ్గరికి నడిచాను. అక్కడి నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు పోతుంటే రెండు పక్కలా అంగళ్ళే. రాగి చెంబులు, తిరునామాల ఫోటోలు, పసుపు కుంకుమ, చేతికి కట్టే దారాలు, వాటి మధ్య గుత్తులు గుత్తులుగా వేలాడే ప్లాస్టిక్ బొమ్మలు. ఎదురుగా ఏడంతస్తుల గాలిగోపురం. తిరుపతి వీధుల్లో అందరూ 'సామీ'లే. ఇరవై ఎనిమిదేళ్ళ నన్ను కూడా సామీ అనే పిలిచారు.

మొదటి అంగట్లో డ్రమ్ము అడిగాను. కుర్రాడు ఎర్రటి ప్లాస్టిక్ డ్రమ్ము తీసి మీట నొక్కాడు. లైట్లు వెలిగాయి, సినిమా పాట మొదలైంది, రెండు ప్లాస్టిక్ పుల్లలు వాటంతటవే ఆడాయి.

"పిల్లలు వాయించేది లేదా?" అన్నాను.

"వాయించే పనే లే సామీ. అదే వాయించుకుంటాది" అన్నాడు గొప్పగా.

పక్క అంగట్లో గిటారు అడిగినా అంతే, పియానో అడిగినా అంతే. తీగ మీటితే మోగదు, మీట నొక్కితే మోగుతుంది. సాఫ్ట్‌వేర్ రాసే నాకు ఆ చిప్పు మీద కోపమేమీ లేదు. కానీ గంట సేపు తిరిగాక ఒకటి అర్థమైంది. ఈ బజార్లో సంగీతం వచ్చే బొమ్మలు వందల్లో ఉన్నాయి, పిల్లల చేతికి పని చెప్పే బొమ్మలు మాత్రం వెతుక్కోవాల్సి వస్తోంది.

సన్నిధి వీధి పక్క సందులో ఒక పాత అంగడి కనిపించింది. కూర్చున్నాయనకు డెబ్బై దాటి ఉంటాయి. వరుసగా పేర్చిన ఎర్రటి రాజారాణి బొమ్మలు, భజన చిడతలు, కోలాటం కర్రలు. లిస్టు చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "తోలు డ్రమ్ము అడిగినోళ్ళను చూసి ఎన్నేండ్లయింది నాయనా" అంటూ నిచ్చెన వేసుకుని అటక మీద నుంచి ఒకటి దించాడు. కొయ్య చట్రం, రెండు వైపులా తోలు, చుట్టూ జనపతాడు. దుమ్ము దులిపి వేలితో కొట్టాడు. చిన్నదే అయినా గట్టిగా మోగింది. ధర 180 రూపాయలు. బేరం ఆడబుద్ధి కాలేదు.

"ఇయ్యి ఎప్పుడు బాగా పోతాయి తాతా?" అని అడిగాను.

"గంగజాతరకి. పిల్లోళ్ళు ఏషాలేసుకోని వస్తారు గదా, చేతిలో ఏదో ఒకటి మోగాల. బ్రహ్మోత్సవాలకి చిడతలు పోతాయి. ఇప్పుడు అన్నిటికీ మిషను బొమ్మలే."

ఆయన చెప్పింది నిజమే. తిరుపతిలో మే నెలలో వచ్చే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఊరు ఊరంతా వేషం కడుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకొకటి. పంబలు, డప్పులు మోగుతుంటే ఆ వారం పిల్లల చప్పుడును కసిరేవాళ్ళుండరు. కొండ మీద నాదస్వరం, డోలు ఎంత పద్ధతిగా వినిపిస్తాయో, కింద జాతరలో గోల అంత స్వేచ్ఛగా వినిపిస్తుంది. ఒకే ఊరికి రెండు చెవులు. బొమ్మల సింఫనీ ఈ రెండింటినీ ఒక చోట కూర్చోబెట్టే ప్రయత్నమే కదా అనిపించింది.

ట్రయాంగిల్ పని తేలిగ్గా అయిపోయింది. ఇనుప సామాన్ల అంగడాయన ఒక కడ్డీని బిగించి రెండు వంపులు తిప్పి ఇచ్చాడు. దారం కట్టి వేలాడదీసి కొడితే గుడిగంటకు చెల్లెల్లా మోగింది. చేత్తో పట్టుకుంటే మాత్రం మూగబోతుంది. నోరున్న వస్తువును గట్టిగా పట్టుకోకూడదని మా మేనకోడలికి చెప్పడానికి ఒక పాఠం దొరికింది.

తిరుచానూరు తిరునాళ్ళలో పిట్టలు

మిగతా వాటి కోసం తిరుచానూరు వెళ్ళాను. తిరుపతి నుంచి ఐదు కిలోమీటర్లు. పద్మావతి అమ్మవారి బ్రహ్మోత్సవాలు తొమ్మిది రోజులు జరుగుతాయి. చివరి రోజు పంచమి తీర్థానికి పద్మపుష్కరిణిలో మునగడానికి వచ్చే జనాన్ని చూస్తే ఊరు సరిపోదు అనిపిస్తుంది. నేను వెళ్ళింది దానికి రెండు రోజుల ముందు. వాహనం వీధుల్లో తిరుగుతోంది. ముందు కోలాటం బృందాలు, భజన బృందాలు, చీరల రంగును బట్టి ఏ బృందం ఏదో తెలిసేలా నడుస్తున్నాయి. కోలాటం కర్ర కూడా ఆలోచిస్తే బొమ్మలాంటిదే. దానికున్నది ఒకటే చప్పుడు. కానీ నలభై మంది ఒకేసారి కొడితే వీధికి గుండె వచ్చినట్టుంటుంది.

తోపుడుబండి మీద బొమ్మలమ్మే ఒకావిడ దగ్గర నా పంట పండింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ పిట్ట. వీపు మీది రంధ్రంలో నీళ్ళు పోసి తోకలోంచి ఊదితే కిలకిలకిలమని పలుకుతుంది. మీలో చాలామంది చిన్నప్పుడు తిరునాళ్ళలో దీని కోసం ఏడ్చే ఉంటారు. టాయ్ సింఫనీలో 'నైటింగేల్' అని రాసి ఉన్న వాద్యం సరిగ్గా ఇదే! గాలి నీళ్ళలోంచి బుడగలుగా పోయేటప్పుడు స్వరం వణుకుతుంది, అదే పిట్ట పాట. రెండు వందల యాభై ఏళ్ళ కిందటి ఆల్ప్స్ బొమ్మా, తిరుచానూరులో 30 రూపాయల బొమ్మా ఒకే సూత్రం మీద పాడతాయి. బూర కూడా ఆవిడ దగ్గరే దొరికింది. కౌజుపిట్టకు ప్రత్యేకంగా ఈల అక్కర్లేదు. ఒకే స్వరం వచ్చే ఏ ఈలైనా చాలు, ఆ పిట్ట పలుకులోని తాళం ఊదేవాళ్ళ నోట్లో ఉంటే సరి.

చిక్కల్లా కోయిలతో వచ్చింది. వాళ్ళ కోయిల కూత రెండు స్వరాలు. పైదొకటి, వెంటనే కిందది. 'కు-క్కూ' అని దిగుతుంది. యూరప్ గోడ గడియారాల్లో వినేది అదే. మన కోయిల అలా కూయదు. 'కూ... ఊ' అని కింద మొదలై పైకి లేస్తుంది. ఎదురు కూస్తే ఇంకా ఇంకా పైకి పోతుంది. బండి దగ్గర నేను ఈ తేడా నోటితో కూసి చూపిస్తుంటే ఆవిడ నవ్వి, "మా కోయిల ఎక్కుతాది, మీ కోయిల దిగతాది. మీది యా ఊరు సామీ?" అంది. చిత్తూరే అంటే నమ్మలేదు.

చివరికి వేళ్ళతో రంధ్రాలు మూసే చిన్న వెదురు పిల్లనగ్రోవి కొన్నాను. ఒక రంధ్రం మూసి తెరిస్తే రెండు స్వరాలు వస్తాయి. ఎక్కించాలన్నా దించాలన్నా ఊదేవాళ్ళ ఇష్టం.

మాధవమాలలో మోగిన గిలక

ఆరు దొరికాయి. దొరకనిది మా పిల్లకు కావలసిందే. గిలక ఎక్కడా లేదు. పాత అంగడి తాతే దారి చూపించాడు. "మాధవమాలకి పో నాయనా. చెక్కతో ఏమన్నా చేస్తారు వాళ్ళు."

మాధవమాల తిరుపతి నుంచి శ్రీకాళహస్తి పోయే దారి వైపు, ఏర్పేడు మండలంలో ఉంది. కొయ్యశిల్పాలకు పేరున్న ఊరు. వీధిలో నడుస్తుంటే ఇళ్ళ ముందు సగం చెక్కిన గరుత్మంతులు, ముఖం ఇంకా రాని వినాయకులు కనిపిస్తారు. ఉలి చప్పుడు ఊరంతా వినిపిస్తుంది. ఒక ఇంటి అరుగు మీద యాభై ఏళ్ళాయన పని చేస్తున్నాడు. వెళ్ళి పలకరించాను.

"ఏ గుడికి?" అన్నది ఆయన మొదటి ప్రశ్న.

"గుడికి కాదన్నా, స్కూలుకి" అని ఫోన్లో గిలక వీడియో చూపించాను.

గిలకలో ఉన్న యంత్రం ఇంతే. పిడికి ఒక పళ్ళ చక్రం బిగించి ఉంటుంది. దాని చుట్టూ తిరిగే చట్రంలో ఒక పలుచని నాలుక ఉంటుంది. చట్రం తిప్పితే నాలుక ఒక్కో పన్ను ఎక్కి దబ్బున పడుతుంది. పడిన ప్రతిసారీ ఒక చప్పుడు. వేగంగా తిప్పితే చప్పుళ్ళన్నీ కలిసి కరకర. నేను కొలతలు చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపాడు. వీడియో రెండుసార్లు చూశాడు. మూడోసారి చూడకుండా, కళ్ళు మూసుకుని విన్నాడు.

"పాటలో ఇది ఎన్నిసార్లు వస్తాది?"

"తక్కువేనన్నా. చాలాసేపు ఊరికే ఉండాలి."

"తక్కువ సార్లొచ్చేదే బాగా మోగాల" అని టేకు ముక్క తీసుకున్నాడు.

చక్రానికి, చట్రానికి టేకు. నాలుకకు మాత్రం వెదురు బద్ద. "చెక్క నాలిక ఇరిగిపోతాది, వెదురైతే వంగి లేస్తాది" అన్నాడు. సాయంత్రానికి పని అయిపోయింది. తిప్పగానే వీధి కుక్కలు లేచి అరిచాయి. పక్కింటి పిల్లలు నలుగురు పరుగెత్తుకొచ్చి వరస కట్టారు. ఒక్కొక్కరూ తిప్పి చూశారు. ఎవరూ మీట ఎక్కడుందని అడగలేదు.

ఎర్రచందనం సంగతి అడిగితే ఆయన నవ్వాడు, అంత సంతోషంగా కాదు. తిరుపతి బొమ్మ అంటే ఒకప్పుడు ఎర్రచందనం బొమ్మే. రాజారాణి జంటను పెళ్ళిలో ఆడపిల్లకు ఇచ్చేవారు, బొమ్మల కొలువులో మొదటి మెట్టు మీద పెట్టేవారు. ఆ చెట్టు ప్రపంచంలో సహజంగా పెరిగేది ప్రధానంగా మన శేషాచలం, వెలిగొండ, పాలకొండ అడవుల్లోనే. 1995లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ జాబితాలోకి ఎక్కింది. అనుమతి లేకుండా నరకడం, తరలించడం నేరం. అడవి మిగలాలంటే ఆ కట్టడి అవసరమే. అయినా దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో తమిళనాడు కూలీలు 20 మంది చనిపోయారు. వాళ్ళు మోసిన దుంగలతో లాభపడేవాళ్ళు ఎక్కడో ఉంటారు.

ఈ చెక్కకు గిరాకీ ఉన్న దేశాల్లో జపాన్ ఒకటి. అక్కడ షామిసెన్ అనే మూడు తీగల వాద్యం దండికి ఎర్రచందనమే శ్రేష్ఠమంటారు. మా కొండ చెట్టు సముద్రం దాటి వాద్యమవుతోంది. దాన్ని చెక్కడం తరతరాలుగా తెలిసిన చేతులకు మాత్రం ఆ ముక్క అందదు. "అది అడివిలోనే ఉండనీ నాయనా. మాకు యా చెక్కైనా ఒకటే. అడిగేటోళ్ళుంటే చాలు" అన్నాడాయన. పని కోసం కాకుండా, అడిగేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్నట్టు అనిపించింది ఆ మాట. గిలకకు 450 తీసుకున్నాడు.

అవ్వ వేసిన తాళం

తిరుగు ప్రయాణంలో చిత్తూరులో దిగాను. దసరా తర్వాత అమ్మ దగ్గరికి రాని అక్కా, మేనకోడలు కూడా ఆ శనివారం వచ్చారు. గిలక తీసి పిల్ల చేతిలో పెట్టాను. తిప్పింది. ఆ చప్పుడుకు అదే ఉలిక్కిపడింది. తర్వాత పావుగంట ఇల్లు ఇల్లులా లేదు.

అసలు కష్టం మర్నాడు బయటపడింది. గిలక పని తిప్పడం కాదు, తిప్పకుండా ఉండడం. కాగితం మీద దాని వరసలో ఎక్కువ భాగం నిశ్శబ్దమే. వయొలిన్ పిల్లలకు పాట చేతిలో ఉంటుంది, దారి తప్పినా పాటే లాక్కెళ్తుంది. బొమ్మ పట్టుకున్న పిల్ల మాత్రం ఏ ఆసరా లేకుండా మనసులో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఒక్క అక్షరం ముందు తిప్పినా, వెనక తిప్పినా హాలంతా నవ్వుతుంది. పిల్ల నాలుగైదుసార్లు ప్రయత్నించి లెక్క తప్పి గిలక మంచం కింద పడేసింది.

మా అమ్మకు స్వరాలు చదవడం రాదు. ముప్పై ఏళ్ళుగా శనివారం భజనలో చిడతలు వేస్తోంది. ఫోన్లో పాట విని, "ఇది ఆదితాళమే గదే" అని తొడ మీద వేయడం మొదలుపెట్టింది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. ఎనిమిది అక్షరాలు. నాలుగు లెక్కల పాశ్చాత్య బార్లు రెండు కలిస్తే ఒక ఆవర్తనం. రెండో భాగం మూడు లెక్కల నడక, దానికీ వేళ్ళు సర్దుకున్నాయి. "నోట్లో లెక్క మర్చిపోతావు, చేతిలో లెక్క మర్చిపోవు" అని పిల్ల చెయ్యి పట్టుకుని వేయించింది. సాయంత్రానికి అవ్వా మనవరాలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడకుండా తాళం వేసుకుంటున్నారు. ఎనిమిదో ఆవర్తనం చివర కర్ర్ర్!

పాశ్చాత్య సంగీతానికి మన తాళమేమిటని అనుకోకండి. ఇది మనకు కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితార్ 1775లో పుట్టారు, ఈ బొమ్మల సింఫనీ పుట్టిన కాలమది. మద్రాసు దగ్గర మణలిలో ఉన్న రోజుల్లో తెల్లవాళ్ళ బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. నోటుస్వరాలంటే అవే. బ్రిటిష్ జాతీయగీతం బాణీకి కూడా అమ్మవారి మీద సాహిత్యం కట్టిన మనిషి ఆయన. దాదాపు నలభై ఉన్నాయి, అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే. పాశ్చాత్యుల మేజర్ స్కేలు మన శంకరాభరణమే కాబట్టి తేలిగ్గా ఒదిగిపోయాయి. ఇప్పటికీ సంగీతం నేర్చుకునే పిల్లలకు మొదట్లో వాటిని నేర్పుతారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ వయొలిన్ నేర్చుకుని దాన్ని మన కచేరీలోకి తెచ్చారు. ముత్తుస్వామి దీక్షితార్ మొదటి కృతి పుట్టింది తిరుత్తణి కొండ మీద. 1960 దాకా ఆ తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే! అంటే మా అమ్మ చేసిన పనికి మా జిల్లాలోనే పెద్ద వంశం ఉందన్నమాట.

కచేరీ రోజు వెనక వరసలో కూర్చుని చూశాను. వయొలిన్ పిల్లలు పాలిపోయి ఉన్నారు. మా పిల్ల గిలక ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ ఉంది. చివరి భాగం మొదటిసారి బాగానే గడిచింది. రెండోసారి వేగం పెరిగింది. మూడోసారి వయొలిన్లు ఒకదాన్నొకటి తరుముకున్నాయి, డ్రమ్ము అబ్బాయి ఒక చోట తేలిపోయాడు. ఆ గందరగోళంలో గిలక సరిగ్గా తన చోట పలికింది. దాన్ని పట్టుకుని మిగతావాళ్ళు మళ్ళీ దారిలో పడ్డారు. అయిపోయాక ఇంతకుముందు ఏడిపించిన వయొలిన్ పిల్ల ఒకతె వచ్చి, "ఒకసారి ఇస్తావా?" అని అడిగింది. మా పిల్ల ఇచ్చింది. కానీ ఎప్పుడు తిప్పాలో తనే చెప్పింది.

మీరు వెళ్తే

తిరుపతిలో చెక్కబొమ్మల కోసం గాంధీ రోడ్డు, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల సందులు తిరగండి. ముందు వరస అంగళ్ళు దాటి లోపలికి పొండి. ఎర్రచందనం అని చెప్పి అమ్మేవన్నీ ఎర్రచందనం కావు. రంగు వేసిన వేరే చెక్క కూడా ఉంటుంది, అడిగి తెలుసుకుని కొనండి. పిల్లల ఈలలు, పిట్టలు కావాలంటే తిరుచానూరు బ్రహ్మోత్సవాలు, లేదా మే నెల గంగజాతర మంచి సమయం. దర్శనం అయ్యాక శ్రీకాళహస్తి పోయేవాళ్ళు ఒక పూట మాధవమాలకు కేటాయించవచ్చు. అక్కడ తయారుగా ఉన్న దేవుడి విగ్రహమే కొనాలని లేదు. మీకేం కావాలో బొమ్మ గీసి చూపించండి, శబ్దం వినిపించండి. పని పూర్తయ్యేదాకా అరుగు మీద కూర్చునే ఓపిక ఉండాలి, అంతే.

ఒక్క మాట. పిల్లలకు మోగే బొమ్మ కొనేటప్పుడు అంగడాయన చేత కాకుండా పిల్లల చేతనే మోగించి చూడండి. వాళ్ళు చెయ్యి తీసేసిన తర్వాత కూడా అది మోగుతూనే ఉంటే, అక్కడే పెట్టేసి పక్క సందులోకి నడవండి.